మంచు మోసినవాడి మొదటి మాట

కొండమీద మేకల కొట్టం పక్కన రోజీ ఒక్కడే ఉంటాడు. ఉప్పు టీ కాచి రెండు గిన్నెల్లో పోస్తాడు, రెండోదీ తనే తాగుతాడు. ఊళ్లోవాళ్లు మూగోడని వెక్కిరిస్తారు గాని, అతనిది ఒట్టి పంతం. పొలానికి నీళ్ల వంతు దగ్గర తమ్ముడు ఫిదాతో చెడింది. ఫిదా అలిగి లోయ అవతల అత్తగారి ఊరికి వెళ్లిపోయాడు. తర్వాత అతని చూపు పోయిందని తెలిసింది. అప్పుడూ రోజీ వెళ్లలేదు. ముందు వాడే పలకరించాలనుకున్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ వెళ్లడానికి సిగ్గేసింది.

ఈ యేడు ఊరి వాగు ఎండిపోయింది. ఇక మంచుకి పెళ్లి చేయక తప్పదన్నారు పెద్దలు. రాళ్లు కప్పుకున్న నల్లమంచు మగది, నీళ్లూరే తెల్లమంచు ఆడది. రెంటినీ తెచ్చి ఎత్తున గుహలో కలిపి, బొగ్గూ పొట్టూ కప్పి పాతితే, పోనుపోనూ అది పెరిగి ఊరికి నీళ్లిస్తుంది. మోసేవాళ్లు దారిలో బుట్ట నేలకు దించకూడదు, నోరు విప్పకూడదు. విప్పారా, మంచు నాటుకోదు. నోరు మూసుకోవడంలో వీణ్ణి మించినవాడెవడని నవ్వుకుంటూ ఆడమంచు బుట్టను రోజీ వీపుకెత్తారు.

తిరుగుదారి ఫిదా ఉండే ఊరి మీదుగానే. గోడవార ఎండకు కూర్చున్న ఫిదా అడుగుల చప్పుడు విని తలెత్తాడు.

"అన్నా, నువ్వే కదూ? ఆ కాలీడ్పు నాకు తెలీదా?"

రోజీ ఆగిపోయాడు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. వెనకవాడు భుజం మీద తట్టాడు. ఫిదా మొహం తిప్పుకున్నాడు.

"ఇంకా కోపమేనా? సరే, పో."

పోతే తమ్ముడు ఇక దక్కడు. పలికితే ఊరికి నీళ్లు దక్కవు. రోజీ వంగి, ఫిదా చెయ్యి పట్టుకుని తడి బుట్టకు ఆనించాడు. ఆ వేళ్లు మంచుకు చుట్టిన గడ్డిలోంచి చల్లదనాన్ని తడుముకున్నాయి.

"పెళ్లికూతుర్ని మోస్తున్నావా!" అని నవ్వేశాడు ఫిదా. "ఇన్నాళ్లూ ఊరికే మాట్లాడలేదు. ఇవాళ నీకో కారణం దొరికింది. నడు, నడు. దించకు."

బుట్ట తాడు పట్టుకుని ఊరి చివరిదాకా వచ్చాడు. దారంతా అతనే మాట్లాడాడు. భార్య పోయిందన్నాడు, పిల్లలు లేరన్నాడు, చూపు మెల్లమెల్లగా ఎలా పోయిందో చెప్పాడు. రోజీ ఊఁ కొట్టడానికైనా లేదు. కళ్లనీళ్లు తుడుచుకోవడానికి, బుట్ట పట్టీలు పట్టుకున్న చేతులూ ఖాళీ లేవు.

మంచు పాతగానే అందరి నోళ్లూ ఒక్కసారి తెరుచుకున్నాయి. పెళ్లయిపోయింది, ఇక మాట్లాడరా అని రోజీని ఆటపట్టించారు. అతను పలకలేదు. ఆ మొదటి మాట ఇంకొకరిది. కూర్చోకుండా, తినకుండా వచ్చినదారినే వెనక్కి నడిచాడు.

క్షమించమని ఎలా అడగాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాడు. తీరా గుమ్మంలో నిలబడ్డాక ఒక్క మాటే వచ్చింది.

"ఫిదా."

లోపల గిన్నె కడుగుతున్న చేతులు ఆగిపోయాయి.

"నీ మరదలు పోయాక ఈ ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరన్నా" అన్నాడు ఫిదా. "ఇంకోసారి పిలువు."