జారేలు రాణి

చూపులేని ఉమాకాంత్ గ్రూప్స్ పరీక్షకు చెవులతోనే చదివేవాడు. చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద వందన రోజూ అతనికి పాఠాలు చదివి వినిపించేది. అవయ్యాక, బుర్ర చల్లబడడానికని ఒక ఇంగ్లిష్ మాయాలోకపు నవల తీసేది. అందులోని రాణి పేరును తనకు తోచినట్టు పలికి, చివర ఉకారం తగిలించి, సొంత మేనత్తను పిలిచినట్టు "జారేలు" అనేది.

నవల పూర్తికాకముందే వందనను డెంగ్యూ జ్వరం తీసుకుపోయింది.

మిగిలింది చదవడానికి అశోక్ నగర్ హాస్టల్లో పక్క మంచం ఫణికిరణ్ కూర్చున్నాడు. "జైరెల్ రాణి కోట తలుపు మూయించింది..."

"జైరెల్ ఎవరు? జారేలు అను."

"కాదన్నా. రాసినాయనే చెప్పాడంట, జైరెల్ అనే పలకాలని."

ఉమాకాంత్‌కు ఒళ్లు మండింది. "ఆయనకేం ఎరుక? ఆమెను నాకు చూపించింది వందన. జారేలు అంటేనే చదువు, లేకుంటే లేచి పో."

ఫణికిరణ్ ముఖం చిన్నబుచ్చుకున్నా సరేనన్నాడు. పేజీ తిప్పి, చదవబోయి ఆగిపోయాడు.

"అన్నా, ఇక్కడ రాణి చచ్చిపోతుంది."

ఉమాకాంత్ చేయి చాపి, తెరిచిన పేజీ మీద అరచేయి ఆనించాడు.

"గట్లయితే జైరెల్ అనే చదువు," అన్నాడు. "సచ్చేదేదో ఆ జైరెల్‌నే సావనియ్యి."