మా అత్త దాచిన ఎరుపు

మా మేనత్త హమీదా కొత్త చోట నీళ్ళు తాగే తీరు వేరుగా ఉండేది. ముందు ఒక చుక్క నాలుక కొసన పెట్టుకుని కళ్ళు మూసుకునేది. ఆ తర్వాతే చెంబు ఎత్తేది. చూసినవాళ్ళు ఏదో ప్రార్థన చేసుకుంటోందనుకునేవారు. అది ప్రార్థన కాదు, కొల్లేటి అలవాటు.

అత్త పుట్టింది కొల్లేటి నడుమ ఒక లంకలో. మా తాత ఆ లంకలన్నీ తిరిగి గాజులు అమ్మేవాడట. చుట్టూ ఎటు చూసినా నీళ్ళే. అయినా ఎండాకాలం వస్తే సముద్రపు పోటు ఉప్పుటేరు మీదుగా లోపలికి వచ్చి ఆ నీళ్ళను ఉప్పన చేసేసేది. అప్పుడు తాగే నీళ్ళకి తాటిదోనెలో కుండలు పెట్టుకుని బయల్దేరాలి. ఏ మూల ఇంకా తీపి మిగిలి ఉందో చిన్నపిల్లలు రుచి చూసి చెప్పాలి.

"పెద్దాళ్ళ నాలుకలు పొగాకుతో మొద్దుబారిపోయాయే. అందుకని నన్ను దోనె ముందు కూర్చోబెట్టేవారు. నేను ఊఁ అంటే కుండ ముంచేవారు, ఊఁహూఁ అంటే దోనె ముందుకి పోయేది" అని చెప్పేది అత్త. ఆ మాట చెప్పినప్పుడల్లా ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతైపోయేది.

పదిహేనో ఏట ఏలూరు వచ్చింది, తివాచీలు నేసే ఇంటికి కోడలిగా. మొహిద్దీన్ మావయ్యది రంగులు వేసే పని. ఆయన వేసే లక్క ఎరుపుకి పేరుండేది. దొడ్డి దాటితే తమ్మిలేరు. తాగేదీ ఆ నీళ్ళే, రంగు వేసేదీ ఆ నీళ్ళే, ఉన్ని జాడించేదీ ఆ నీళ్ళే. కొత్తనీరు వచ్చి బురదగా ఉంటే ఇండుపగింజ అరగదీసి కలిపి తేర్చుకునేవాళ్ళం. నీళ్ళకి బురద తప్ప ఇంకో జబ్బు ఉంటుందని మావయ్యకి తెలియదు. నాలుకతో పని లేని ఊరు అది. మా అమ్మా నాన్నా పోయాక అత్త నన్ను పెంచింది ఆ దొడ్లోనే. పొద్దున్న దండెం మీద తడి ఎరుపు ఉన్ని చిలపలు ఆరేసి ఉంటే, వాటి వెనక నుంచి ఎండ వచ్చి గోడంతా దానిమ్మపువ్వు రంగైపోయేది.

తివాచీలు కొనేవాళ్ళు తగ్గిపోయిన ఆ రోజుల్లో, మా మగ్గాలు నాలుగూ ఖాళీగా నిలబడి ఉండగా, బికనీరు నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఒక సేఠు కొత్తగా తివాచీల కార్ఖానా పెట్టాడు. ఉన్ని వాళ్ళ దగ్గర బోలెడు. ఏలూరి ఎరుపు కావాలి. హోలీ నాటికి ఆ ఎరుపు తీసి చూపిస్తే మావయ్యకి అక్కడే పని, ఉండడానికి ఇల్లు. తీయలేకపోతే తిరుగు బండి. ఇదీ మాట.

"ఏడాది దాకా నీ గదికి తాళం తియ్యను, నీ రంగు కాగులు ఎవరికీ ఇవ్వను" అన్నారు మావయ్య అన్నగారు అబ్దుల్ వహాబు. అత్త ఆ మాట విని తల వంచుకుంది. నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. ఆ తాళం మాట ఆవిడ కొంగున కట్టుకున్నట్టు అనిపించింది.

ఎదురింటి కోమట్ల లక్ష్మీకాంతమ్మగారు కజ్జికాయలు మూటకట్టి తెచ్చారు. "ఏం హమీదమ్మా, అక్కడ వాన చుక్క పడితే ఊరంతా పండగటగా! నీళ్ళు కావాలంటే ఒంటెని పిండుకుంటారట!"

"మీరు రండి లక్ష్మీకాంతమ్మగారూ, పిండి చూపిస్తాను" అంది అత్త. ఇద్దరూ నవ్వారు. నవ్వుతూనే ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. ఆరో తరగతి సగంలో మా బళ్ళో నా పేరు కొట్టేశారు.

బెజవాడలో పెద్ద బండి ఎక్కాం. రెండు రోజులు అడవులూ, రాళ్ళూ, నాకు పేర్లు తెలియని నదులూ కలలో వచ్చినట్టు వచ్చి వెళ్ళిపోయాయి. ప్రతి నది మీదా అత్త కిటికీలోంచి తొంగి చూసి, "దీంట్లో నీళ్ళు బావుంటాయి" అనేది, రుచి చూసినట్టు. ఢిల్లీలో దిగి చిన్న పట్టాల బండి మారాం. ఆ తర్వాత నదులు లేవు. తెల్లవారేసరికి కిటికీ అవతల అంతా ఇసుక. మంచు పరుచుకుని ఉంది దాని మీద. ఆ మంచులోంచి ఒంటెలు వరసగా వస్తుంటే అత్త నా భుజం పట్టుకుంది.

"రజియా, చూడవే. గూడకొంగకి నాలుగు కాళ్ళు మొలిచినట్టుంది."

నాకూ ఒక్క క్షణం కొల్లేరే కనపడింది. ఎండ పైకి వచ్చాక అది ఇసుకైపోయింది.

మేం దిగిన ఇంటావిడ జైనబ్ బీ, ఒంటరి ముసలామె. గుమ్మాలు ఎర్రరాయి. వాకిలి మధ్యలో నేల మట్టానికి ఒక చెక్క మూత, మూతకి తాళం, తాళంచెవి ఆవిడ మెళ్ళో. మూత కింద పెద్ద తొట్టి. వానాకాలం డాబా మీద పడిన ప్రతి చుక్కా గొట్టంలోంచి దాంట్లోకి దిగుతుంది. ఏడాదంతా తాగడానికీ వండుకోవడానికీ గిన్నెలకీ అదే. స్నానాలకీ బట్టలకీ ఊళ్ళో లోతు బావుల నీళ్ళు ఎద్దులు లాగుతాయి. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

మొదటి రోజు పొద్దున్న జైనబ్ బీ మాకు ఒక కుండ నీళ్ళిచ్చింది. అత్త ఆ కుండెత్తి, ఏలూర్లో రోజూ చేసినట్టే, గుమ్మం ముందు బారున పోసి చీపురుతో కడిగేసింది.

జైనబ్ బీ పెట్టిన కేకకి పక్క డాబాల మీదకి జనం వచ్చారు. ఆవిడ భాష మాకు సగమే అర్థమయ్యేది. ఆ సగం చాలు. "ఏమ్మా, మీ ఊళ్ళో మేఘాలు నీ మేనమామలా? అడగ్గానే దిగొస్తాయా? అది రేపటి దాకా మీ ముగ్గురి ప్రాణం, తల్లీ!"

అత్త వంగి ఆ నీళ్ళు చీపురుతో వెనక్కి తోయబోయింది. అప్పటికే రాతి నేల ఆ నీళ్ళు తాగేసింది.

మర్నాడు మావయ్య కార్ఖానా నుంచి ఉరుకుల మీద వచ్చారు. "హమీదా, అక్కడి బావి చూశావా! కాగు అడుగున పైసా వేస్తే కనపడేలా ఉన్నాయి నీళ్ళు. తమ్మిలేట్లో ఏనాడైనా ఇంత తేట చూశామా? ఇండుపగింజతో పనే లేదు. మూడు రోజుల్లో ఎరుపు తీసేస్తాను."

మూడు రోజులకి వచ్చింది వంకాయ రంగు. చింతపండు ఎక్కువ వేశారు, ఇటుకపొడి రంగొచ్చింది. పటిక మార్చారు. లక్క మంచిది కాదేమోనని ఢిల్లీ నుంచి తెప్పించారు. మళ్ళీ వంకాయ రంగే. అక్కడి పనివాళ్ళు పుట్టినప్పటినుంచీ ఆ నీళ్ళతోనే పనిచేస్తున్నారు. వాళ్ళకి దాంట్లో చెప్పుకోవలసిందేమీ కనపడలేదు.

ఒకరోజు మావయ్యకి అన్నం పట్టుకెళ్ళి, దాహమేసి ఆ బావి నీళ్ళు నోట్లో పోసుకున్నాను. ఉమ్మేశాను. ఉప్పు కాదు, చేదూ కాదు, రెండూ కలిసి నాలుకని గీకినట్టుంది. ఇంటికొచ్చి అత్తకి చెప్పాను.

అత్త పప్పు మెదుపుతోంది. చెయ్యి ఆగలేదు. "తెలుసు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"మొదటి వారమే. కార్ఖానాలో తడిసిన ఆయన చొక్కా పిండుతుంటే పెదవి మీద ఒక చుక్క పడింది."

అప్పుడు నాకు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. మావయ్యకి రోజూ ఇంటి నుంచే కూజా కట్టి పంపేది. "అక్కడి నీళ్ళు తాక్కండి, మనకి కొత్త, పడవు" అనేది. బావి నీళ్ళలో కందిపప్పు ఉడకదని తెలిసి, వాటా ఎంత తరిగినా పప్పు మాత్రం వాన నీళ్ళతోనే వండేది. పప్పు ఉడక్కపోతే మావయ్య ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. చెపితే నీళ్ళు మారుస్తారు, ఎరుపు వస్తుంది. ఎరుపు వస్తే ఏలూరు లేదు.

"హోలీ ఇంకెంతో లేదు" అంది అత్త నా వైపు చూడకుండా. "ఎవరికీ చెడ్డపేరు రాదు. నీళ్ళు కలవలేదు, వచ్చేశాం అంతే. నీ కళ్ళంటే నాకు భయమే రజియా. కాస్త అటు తిప్పుకో."

నేను తిప్పుకున్నాను. నాకూ తమ్మిలేరు కావాలి. సాయంత్రాలు మేమిద్దరం డాబా ఎక్కి ఇసుక మీద నీడలు సాగడం చూస్తూ, ఇంటికి వెళ్ళాక ఏ గది కడగాలో, లక్ష్మీకాంతమ్మగారికి ఏం తీసుకెళ్ళాలో చెప్పుకునేవాళ్ళం. ఊరు ఎంత దూరమైతే అంత చల్లగా కనపడేది. కొన్నాళ్ళకి మా మాటల్లో ఏలూరికీ కొల్లేటికీ మధ్య గట్టు కూడా పోయింది. తివాచీ మగ్గాల కింద తామరలు పూసేవి.

హోలీకి ఎనిమిది రోజులుందనగా మావయ్య మధ్యాహ్నమే ఇంటికొచ్చారు. చేతిలో వంకాయ రంగు చిలప. గోడకి ఆనుకుని కూర్చున్నారు. అత్త పళ్ళెం పెడితే పక్కకి జరిపారు.

"ఆకలి లేదా?"

"ఇది చూడు." కుడి చెయ్యి చాపారు. ముప్పై ఏళ్ళుగా వేడి కాగుల్లో ముంచిన చెయ్యి, గోళ్ళ అంచుల్లో ఇంకా పాత ఎరుపు. "ఈ చెయ్యి చచ్చిపోయింది హమీదా. లక్క మంచిదే, ఉన్ని మంచిదే, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఇంక మిగిలింది నేనే కదా. మా నాన్న ఇచ్చింది నా దగ్గర్నుంచి పోయింది."

"అలా అనకండి. ఏలూరు వెళ్ళాక..."

"ఏలూరు వెళ్తే మాత్రం? ఇంక కాగు ముట్టను. అన్నయ్యతో చెప్పి ఏ కొట్లోనో గుమాస్తాగా కూర్చుంటాను."

నవ్వుతూ అన్నారా మాట. అత్త ఆయన వంక చూసిన చూపు నాకిప్పటికీ కనపడుతుంది. దోనె ముందు కూర్చున్న పిల్ల నాలుక మీద చుక్క పెట్టుకుని, తీపి అనుకున్న నీళ్ళు ఉప్పని తేలితే అలాగే చూసి ఉంటుంది.

ఆ సాయంత్రం నుంచి మా వాటా నీళ్ళలో సగం పక్కన కుండలోకి వెళ్ళడం మొదలైంది. గిన్నెలు ఇసుకతో తోమాం. మొహాలు తడిగుడ్డతో తుడుచుకున్నాం. పప్పు మానేసి రొట్టెలూ పచ్చడితో సరిపెట్టాం. అయిదో రోజు జైనబ్ బీ నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చి నిలబడింది.

"ఏమే, ఇసుకతో తోముతున్నావు! బికనీరు పిల్లవైపోయావా?"

అత్త తల ఎత్తకుండా ఉన్నదంతా చెప్పేసింది, వచ్చీరాని మాటల్లో. తెలిసీ ఊరుకున్నానని కూడా చెప్పింది. జైనబ్ బీ మెళ్ళోంచి తాళంచెవి తీసి, మూత ఎత్తి, ఒక నిండు కుండ పైకి లాగి మా గుమ్మంలో పెట్టింది.

"ఆ రోజు నేల మీద పోశావే, ఆ కుండ అనుకో. మళ్ళీ పొయ్యకు."

మర్నాడు వాకిట్లోనే చిన్న కాగు పెట్టించింది అత్త. మావయ్య అడ్డం వచ్చారు. "తాగే నీళ్ళతో రంగేమిటి? మతిపోయిందా నీకు?"

"ఒక్క చిలప వెయ్యండి. మీరెప్పుడూ వేసినట్టే. ఏదీ మార్చకండి."

వేశారు. ఆవిరి లేచింది. నేనూ జైనబ్ బీ గుమ్మంలో కూర్చున్నాం. ఎండ వాకిలి ఈ గోడ నుంచి ఆ గోడకి మెల్లగా నడిచింది. మావయ్య కర్రతో చిలప పైకెత్తారు. ఏలూరి మా దొడ్డిగోడ మీద పడే ఆ దానిమ్మపువ్వు వెలుగు, ఇంత దూరం నడిచి వచ్చినట్టు, జైనబ్ బీ తెల్ల ఓణీ మీద పడింది.

మావయ్య తన చెయ్యి చూసుకున్నారు. తర్వాత అత్తని చూశారు. "నీకెలా తెలుసు?"

"నాలుకకి తెలుసండీ."

"ఎప్పట్నుంచి?"

"వచ్చిన మొదటి వారం నుంచి."

ఆయన చిలప దండెం మీద వేసి బయటికి వెళ్ళిపోయారు. పొద్దుగూకేవేళ తిరిగొచ్చి అత్త పక్కన మెట్టు మీద కూర్చున్నారు. ఆయన అరుస్తారనుకుని నేను తలుపు వెనక్కి తప్పుకున్నాను.

"ఇంకో రెండు రోజులు ఊరుకుంటే ఇంటికి వెళ్ళేదానివి కదా" అన్నారు.

"మీతో వెళ్ళాలనుకున్నానండీ. అక్కడికొచ్చే మనిషి మీరు కాదుగా."

మావయ్య దండెం వైపు తిరిగారు. చీకటి పడుతుంటే ఎరుపు నల్లబడింది. "తమ్మిలేరు నాకూ కల్లోకొస్తోంది" అన్నారు మావయ్య చివరికి. "నీకు చెప్పలేదు, అంతే."

సేఠు తన హవేలీ తొట్టిలోంచి కార్ఖానాకి వాన నీళ్ళు ఏర్పాటు చేశాడు. అబ్దుల్ వహాబు గారికి గది తాళం తీసి వాడుకోవచ్చని మావయ్య కబురు రాయించారు. ఆ ఉత్తరం నేనే రాసిపెట్టాను. అత్త పక్కన కూర్చుని, చివర "లక్ష్మీకాంతమ్మగారికి సలాములు" అని రాయించి, కాయితం మడతపెట్టబోతుంటే ఆగమని, దాంట్లో ఎర్ర ఉన్ని పోగు ఒకటి పెట్టింది.

ఆషాఢంలో ఒక పొద్దున్న లేచేసరికి ఆవిడ మంచం ఖాళీగా ఉంది. డాబా మీద చీపురు చప్పుడు. మొదటి వాన ముందు డాబా శుభ్రంగా ఊడ్చుకుంటే తప్ప తొట్టిలోకి మంచి నీళ్ళు దిగవు. మెట్లెక్కి వెళ్ళాను. దూరాన ఇసుక మీద మబ్బు నీడ ఒకటి దోనెలా మెల్లగా వస్తోంది. అత్త కొంగు నడుముకి దోపుకుని మూలమూలా ఊడుస్తోంది.

మొదటి చుక్క రాయి మీద పడింది. రెండోది ఆవిడ చేతి మీద. అత్త చెయ్యి నోటి దగ్గరికి తెచ్చుకుని కళ్ళు మూసుకుంది.

కింద నుంచి జైనబ్ బీ అరిచింది. "ఎలా ఉందే?"

"ఊఁ" అంది అత్త.