కార్తీకంలో పాస్తా

మేం బస్తర్‌లోని బచేలిలో ఉంటాం. పోయిన కార్తీకమాసంలో మా పెళ్లిరోజుకు అత్తయ్యను కూడా జగ్దల్‌పూర్‌లోని చిన్న ఇటాలియన్ హోటల్‌కు తీసుకెళ్లాం. వంటంతా యజమానిదే. అత్తయ్య పాస్తా ప్లేటు ఖాళీ చేశాక గుర్తొచ్చింది, ఆవిడ ఈ నెలంతా ఉల్లి, వెల్లుల్లి ముట్టరని! ఇంట్లో ఆవిడ వంట ఆవిడే చేసుకుంటారు కాబట్టి నాకు ముందు తట్టనేలేదు. వంటింట్లోకి పరుగెత్తాను.

"ప్యాజ్, లహసున్ నహీ డాలా. మాతాజీ నే మనా కియా," అని నవ్వాడాయన. ఉల్లి, వెల్లుల్లి వేయలేదు, అత్తయ్యే వద్దన్నారట! నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీ మతిమరుపు నాకు తెల్దేటే? చెయ్యి కడుక్కోడానికెళ్లినప్పుడే ఆ బాబుకి చెప్పేసినాను," అన్నారు అత్తయ్య, నేను బల్ల దగ్గరికి తిరిగి రాగానే.

ఇన్నేళ్లుగా బస్తర్‌లో ఉన్నా ఆవిడకు వచ్చిన హిందీ "ప్యాజ్ నహీ, లహసున్ నహీ" మాత్రమే. ఆవిడ నియమాన్నీ నా ప్రాణాన్నీ కాపాడింది ఆ నాలుగు ముక్కలే.