ఒక్క 'క' తక్కువైన సాల్మన్

సర్వీసంతా లేబుళ్లలో తప్పులు పట్టి జీతం తీసుకున్న నేను, నా కవిత అచ్చుప్రతి వచ్చినప్పుడు కింద నా పేరు సరిగా పడిందా లేదా అన్నది ఒక్కటే చూసి సంతకం పెట్టాను. అంతకు మించిన తెలివితక్కువతనం నా సర్వీసులో మరొకటి లేదు.

రిటైరయ్యే ముందు ఏడాది అరబ్బు దేశపు సబ్హాన్‌లో, చేపలు దిగుమతి చేసుకునే ఒక కంపెనీలో క్వాలిటీ కంట్రోలర్‌ని. వచ్చిన ప్రతి పెట్టె ఉష్ణోగ్రత చూడడం, తేడా ఉంటే ఎర్రచీటీ అంటించి ఆపడం నా పని. చీటీ పడిన సరుకును మేనేజరైనా కదపకూడదు. లేబులైనా పోస్టరైనా నా సంతకం లేనిదే దుకాణానికి పోదు.

ఆ ఏడు కంపెనీ సాల్మన్ వారోత్సవం పెట్టింది. సాల్మన్ మా గోదావరి పులస లాంటిదే. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది పుట్టిన చోటికి పోతుంది. దారిలో పట్టేస్తే ఆ సంతతి ఖలాస్. అలాంటివి వదిలేసి పెంపకపు చేపలే కొనమని ప్రచారం. అంగట్లో యజమానుల బుట్ట మోసేది మన తెలుగు పనివాళ్లే కనుక తెలుగులోనూ ఒక కవిత కావాలన్నారు. ఇక్కడ మనల్ని అడుగడుగునా అడిగే నివాస అనుమతి కార్డు, ఇఖామాను కూడా కలిపి రాశాను:

ఇఖామా అడగని ఏటికి ఎదురీది
కాన్పుకు పుట్టింటికి పోతోంది సాల్మన్,
పట్టకండి, తినకండి.

వారోత్సవం మొదలయ్యాక నా కీర్తి చూసుకుందామని దుకాణానికి వెళ్లాను. పోస్టరు ముందు ఒకావిడ తన యజమానురాలికి, పనివాళ్లు పిలిచే 'మామా'కి, అరబ్బీలో ఏదో చెబుతోంది. సల్వాలో ఇంటిపని చేస్తుందట, ఊరు రాయచోటి. నేనూ తెలుగు పోస్టరు దగ్గరే ఆగడం చూసి ఇటు తిరిగింది.

"చూడన్నా, గుడ్లుండే చేపే కావాలంటాంది మా మామా. కాన్పుకు పొయ్యేదాన్ని పట్టి తినమంటాడే, ఈ రాసినాయప్పకు ఆడబిడ్డల్లేరా?"

తలెత్తి చూశాను. 'పట్టండి, తినండి.' కింద పెద్ద అక్షరాల్లో నా పేరు. రెండు కాళ్లూ మంచుపెట్టెలో దింపినట్టయింది. మెడలోని గుర్తింపు కార్డును చొక్కా లోపలికి తోసేశాను.

సేల్స్ మేనేజర్ ఖాజాదీ రాయచోటే. అడిగితే నవ్వాడు. "చేపలంగట్లో తినకండి అని రాస్తే జనం వంకాయలు కొనుక్కోని పోరా అన్నా? నేను తీసింది రెండచ్చరాలే. సంతకం నువ్వే పెడితివి గదా. గుడ్ల సాల్మన్ కావాలని అన్ని దుకాణాల్లో అడుగుతాండారంట. రేపు దుకాణాల చీటీలు రాంగానే తెప్పిస్తాండా."

కాపాడమని పాడితే, 'క' పోయి నా పాటే పాడైంది. పోస్టర్లకు ఎర్రచీటీ వేసి దింపించాను. కానీ ఇంకా రాని సరుకుకు చీటీ వేసే అధికారం నాకు లేదు.

మన భాషలో వద్దనే మాట క్రియ నడుములో ఒక్క అక్షరమై ఉంటుంది. ఆ తర్వాత ఏ లేబుల్లోనైనా ముందు క్రియ చదివాను, పేర్లు చివర చూశాను.

మర్నాడు ఖాజా కంటే ముందే ఆఫీసుకు చేరాను. ఆర్డరు చీటీలు దుకాణాల కుర్రాళ్లు చేతికే తెచ్చివ్వాలని అతని నియమం. వాళ్లంతా తెలుగువాళ్లే కావడంతో గది తలుపు మీద 'ఆర్డర్లుంటే తలుపు తట్టండి' అని రాయించుకున్నాడు. పెట్టెల మీద రాసే మార్కర్‌తో అందులో ఒక 'క' ఇరికించాను. వచ్చినవాళ్లు వచ్చినట్టే చదువుకుని వెళ్లిపోయారు. మధ్యాహ్నానికి ఆ విడత దిగుమతికి ఆర్డరు పెట్టే గడువు దాటింది. అప్పుడు ఖాజా నాకు ఫోన్ చేసి, ఈరోజు ఒక్కడూ తలుపు తట్టలేదేమన్నా అన్నాడు.

ఒకసారి బయటికొచ్చి చదువుకోమన్నాను.