పరీక్షలో నెగ్గిన సీటు బెల్టు

2022 ఫిబ్రవరిలో నేను సూరత్‌లోని ఒక ప్రైవేటు టెక్స్‌టైల్ టెస్టింగ్ లేబొరేటరీలో, ఫిజికల్ సెక్షన్‌లో, సీనియర్ టెక్నీషియన్‌గా ఉన్నాను. హోదా పేరు పొడుగే కానీ పని ఒక్కటే: జనం కష్టపడి నేసి తెచ్చిన బట్టను చింపడం, ఎంత కష్టపడితే చిరిగిందో రాసి సంతకం పెట్టడం. నా కింద ఇద్దరు జూనియర్లు. నా పైన మేనేజర్ కేతన్‌భాయ్. ఆయన పైన ఏసీ. గదిలో వేడి ఇరవై ఏడు డిగ్రీల దగ్గర, తేమ అరవై ఐదు శాతం దగ్గర నిలబడకపోతే మా ఫలితాలేవీ చెల్లవు. మేనేజర్ లేకపోయినా చెల్లుతాయి.

ఇప్పుడు నేను విశ్రాంత ఉద్యోగిని. వయసు ముప్పై మూడు. రిటైర్ కావడానికి జుట్టు నెరవాలన్న నియమం నాకెక్కడా కనిపించలేదు. ఆ ఉద్యోగం మానేసి మా ఆవిడతో కలిసి ఇడ్లీ పిండి వ్యాపారంలో దిగాను. వీడ్కోలు రోజున శాలువా కూడా కప్పారు. దాని నాణ్యత ఏపాటిదో ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ చూడగానే తెలిసింది కాబట్టి ఎవరూ పొగడలేదు.

పిండి కోసం వచ్చేవాళ్లలో చిన్నపిల్లలున్నవాళ్లు ఇప్పటికీ నన్ను ఒక ప్రశ్న అడుగుతారు: ఇంకొకరు వాడిన చంటిపిల్లల కారు సీటు కొనొచ్చా? నన్నే ఎందుకు అడుగుతారంటే, శంకరయ్య పెద్దబాపు సీటు సంగతి సూరత్‌లో మేముండే గోడాదరా పేటలో సగం మందికి తెలుసు. మిగతా సగం మందికి తప్పుగా తెలుసు. అందుకే ఇది రాయడం.

శంకరయ్య సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన నేతపనివాడు. మాకు రక్తసంబంధం లేదు. మా నాన్నా ఆయనా ఒకే షెడ్డులో మగ్గాలు నడిపారు, ఆయన మా నాన్న కన్నా పెద్ద, అందుకని పెద్దబాపు. అప్పటికే ఆయనకు గోడాదరా పక్కనే లింబాయత్‌లో సొంత కార్ఖానా ఉంది. సంచులకూ టార్పాలిన్లకూ వాడే పట్టీలు నేసే సన్న మగ్గాలు అందులో ఉంటాయి. చీరలు ఎవడైనా నేస్తాడు, పట్టీ నేయడానికి మనిషి కావాలి అని ఆయన గట్టి నమ్మకం.

ఆయన కూతురు మౌనిక డాక్టరు. భర్త ప్రవీణ్, ఆరు నెలల పాపతో అడాజణ్‌లో ఉండేది. ప్రసవం సెలవు అయిపోయింది. వచ్చే సోమవారం డ్యూటీలో చేరకపోతే ఆసుపత్రివాళ్లు ఇంకొకరిని తీసుకుంటామని చెప్పేశారు. పాపను రోజూ తాపీ నది దాటించి, గోడాదరాలో అమ్మ దగ్గర దింపి, అక్కడి నుంచి ఆసుపత్రికి పోవాలి. ప్రవీణ్ కంపెనీ బస్సు పొద్దున్నే ఇంకో దిక్కుకు పోతుంది. కాబట్టి కారు నడిపేది మౌనిక ఒక్కతే, వెనక పాప ఒక్కతే. పాపను పట్టుకోవడానికి సీటు తప్ప ఇంకెవరూ లేరు. ప్రవీణ్ ఫోన్‌లో పాత సామాన్లు అమ్ముకునే యాప్ చూసి, ఊరు మారుతున్న ఒక కుటుంబం దగ్గర సీటు కొన్నాడు. ముదురు నీలం రంగు. మచ్చ లేదు, చిరుగు లేదు.

శంకరయ్యకు మచ్చ లేని సరుకు మీద నమ్మకం తక్కువ. ఆ సోమవారానికి ముందు వారం మొదట్లోనే సీటును స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని మా లేబొరేటరీకి తెచ్చాడు. గేటు దగ్గర సెక్యూరిటీ అతను పిల్ల ఏదని అడిగితే, ముందు సీటు పరీక్ష రాస్తుందనీ, పాసైతే పిల్ల కూర్చుంటుందనీ చెప్పి లోపలికి వచ్చాడట.

"కొడుకా, జర దీన్ని నీ మిషన్ల పెట్టి గట్టిదో కాదో చెప్పు. పైసలు ఎంతైనా రసీదు తీసుకుంట. మనోడివని ఊకెనే చెయ్యమంటలే" అన్నాడు నాతో.

మా దగ్గర సీటును పరీక్షించే యంత్రం లేదని చెప్పాను. అది ఉన్నచోట సీటును పట్టాల మీద నడిచే బల్లకు బిగిస్తారు. అందులో పిల్లంత బరువున్న బొమ్మను కూర్చోబెట్టి, బల్లను వేగంగా పోనిచ్చి, ఒక్కసారిగా ఆపి, బొమ్మ ఎంత ముందుకు పోయిందో కొలుస్తారు. సూరత్‌లో మేము చేయగలిగింది పట్టీ బలం చూడటం ఒక్కటే. అది కూడా తెంపి చూడటమే. తెగేదాకా లాగితేనే ఎంత లాగితే తెగుతుందో తెలుస్తుంది.

"తెంపినంక నేనేం చేసుకోవాలె? మెడల ఏసుకోవాల్నా?"

అందుకే వద్దంటున్నానని చెప్పి, దానికి బదులు అమ్మినవాళ్లను నాలుగు ప్రశ్నలు అడగమన్నాను. ఒకటి, ఈ సీటున్న కారుకు ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా. రెండు, తయారైన తేదీ, మోడల్ నంబరు ఉన్న చీటీ సీటుకు ఉందా, వాడే కాలం ఇంకా మిగిలిందా. ప్లాస్టిక్‌కు కూడా వయసు ఉంటుంది. మూడు, అన్ని భాగాలూ కంపెనీవేనా, ఏదైనా మార్చారా. నాలుగు, బిగించే పద్ధతి చెప్పే పుస్తకం ఉందా. బస్టాండులో మైకు చెప్పే మాటలకు తల ఊపినట్టు నాలుగింటికీ తల ఊపాడు.

"మనుషులు అబద్ధం ఆడుతరు గదరా. పట్టీ ఆడదు" అని సీటు ఎత్తుకుని వెళ్లిపోయాడు. సంగతి అక్కడితో అయిపోయిందనుకున్నాను.

ఇక్కడ మా పద్ధతి ఒకటి చెప్పాలి. మాకు వచ్చే నమూనాలు ముందు కౌంటర్‌లో దిగుతాయి. అక్కడి అమ్మాయి సరుకు తెచ్చిన పార్టీ పేరు తన దగ్గర ఉంచుకుని, ముక్కకు ఒక కోడు నంబరు కట్టి లోపలికి పంపుతుంది. పరీక్ష చేసేవాడికి సరుకు ఎవరిదో తెలియకూడదు. తెలిస్తే స్నేహితుడి బట్ట కాస్త ఆలస్యంగా చిరిగే ప్రమాదం ఉంది.

గురువారం నా బల్ల మీదికి ఒక పట్టీ ముక్క వచ్చింది. పాలిస్టర్, నల్లరంగు, చివరలు వేడితో శుభ్రంగా మూసి ఉన్నాయి. నిబంధన ప్రకారం దాన్ని గది తేమకు అలవాటు పడేలా ఒక రోజు వదిలేశాం. మర్నాడు స్ట్రెంత్ మిషన్‌కు ఎక్కించాను. పట్టీలకు ముక్కను కరిచి పట్టుకునే మామూలు దవడలు పనికిరావు, జారిపోతాయి. రెండు వైపులా డ్రమ్ములకు చుట్టి బిగించాలి. లాగుతూ పోతే చాలాసేపు సాగి, చివరికి టపాకాయలా పేలి తెగింది. గదిలో అందరూ తలెత్తి చూశారు. చాలా మంచి పట్టీ. రిపోర్టు రాసి సంతకం పెట్టాను. కేతన్‌భాయ్ అంకెలు చూసి, ఈ పార్టీ ఎవరో పెద్ద ఫ్యాక్టరీ అయ్యుంటుంది, టీ ఇప్పించి పట్టుకోవాల్సింది అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం శంకరయ్య నన్ను భోజనానికి పిలిచాడు. వెళ్లేసరికి హాల్లో సీటు ఉంది. సీటులో పాప ఉంది. సీటుకు దారంతో కట్టి, ప్లాస్టిక్ కవరు వేసిన కాగితం ఒకటి వేలాడుతోంది. కాగితం మీద సంతకం నాది.

సీటును తిప్పి చూశాను. ముందు నుంచి చూస్తే ఏమీ తేడా లేదు. వీపు వెనక, కంటికి కనబడని చోట, భుజం బెల్టులో మూరెడు ముక్క ఇంకో నల్లరంగులో ఉంది. రెండు వైపులా అడ్డంగా నిలువుగా దట్టంగా కుట్లు.

ముందు పాపను సీటులోంచి తీయమని మౌనికతో అన్నాను. ఆమె తీసి ఎత్తుకుని, నేను చూస్తున్న చోటే చూసింది.

"బాపూ! బెల్టు కోసినవా?"

"కొయ్యలే. సాంపుల్ తీసిన."

"దాన్ని కొయ్యడం అనరా?"

"టాకా చివర ముక్క తీసి ల్యాబుల ఇస్తం. ముక్క పాసైతే టాకా అంత పాసు. నా జిందగీ అంత గిదే పని చేసిన. నీ సదువుకు ఫీజులు గట్లనే కట్టిన" అన్నాడు శంకరయ్య. టాకా అంటే సూరత్‌లో ఒక పూర్తి నిడివి బట్ట.

ఆయన లెక్కలో తప్పు లేదు, సరుకే వేరు. టాకాలో ముక్క పోతే మిగిలింది టాకాయే. బెల్టులో ముక్క పోతే మిగిలింది రెండు కొసలు. కొసలో ఊరికే వేలాడే తోక పరీక్షకు సరిపోదని, భుజం దగ్గరే కోశాడట. ఆ ఖాళీలో సొంత కార్ఖానాలో నేసిన పట్టీ పెట్టి, లింబాయత్‌లో ట్రావెల్ బ్యాగులు కుట్టేచోట కుట్టించాడు. ఏనుగును కట్టినా ఊడదని హామీ ఇచ్చాడు. ఏనుగు కారులో పోదని మౌనిక అంది. మా రిపోర్టు కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఈ ఫలితం పరీక్షించిన ముక్కకు మాత్రమే వర్తిస్తుంది. ఆ ముక్క శుక్రవారమే మా చెత్తబుట్టలోకి పోయింది. సూరత్‌లో ఆ రోజు అధికారికంగా అత్యంత సురక్షితమైన బెల్టు అదే, చెత్తబుట్టలో.

ప్రవీణ్ అంతవరకూ పెరుగన్నం మీదే దృష్టి పెట్టాడు. శంకరయ్య కోపం అటు తిరిగింది. "అల్లుడుగారూ, మీరు కొత్తది కొంటే నాకు కత్తెరతోటి పనేముండె?" అన్నాడు. ప్రవీణ్ కొత్త సీటు మూడు నాలుగేళ్లలో మూలన పడుతుందని, తెలివిగా కొనాలని తన సిద్ధాంతం వినిపించబోయాడు. మౌనిక ఆపింది. రేపు పొద్దున పాప ఎక్కడ కూర్చుంటుందో ముందు చెప్పమంది.

నేను ఒక దారి చెప్పాను. కొన్ని కంపెనీలు అసలు బెల్టులు విడిగా పంపుతాయి. సీటు బాగుంటే, అది వచ్చేదాకా కొన్ని రోజులు ఎలాగో గడిపితే చాలు. దానికి మోడల్ నంబరు కావాలి. చీటీ కోసం వెతికితే, అది ఉండాల్సిన చోట జిగురు మరక మాత్రం ఉంది. మౌనిక అమ్మినావిడకు ఫోను చేసి స్పీకర్ పెట్టింది. నంబరు ఆవిడకు గుర్తులేదు. ఎందుకు అడుగుతున్నారంది. నేను పక్క నుంచి అందిస్తే, మౌనిక నా నాలుగు ప్రశ్నల్లో మొదటిది అడిగింది: ఈ సీటున్న కారుకు ఎప్పుడైనా ప్రమాదం జరిగిందా?

అవతల నుంచి ఎంతో ఉత్సాహంగా జవాబు వచ్చింది. "అరే భాభీ, ఏక్‌దమ్ లక్కీ సీట్ హై!" మహా అదృష్టపు సీటట. ఒకసారి హైవే మీద వాళ్ల కారును ట్రక్కు వెనక నుంచి గుద్దిందట. కారు పనికిరాకుండా పోయింది, సీటులో ఉన్న వాళ్ల బాబుకు గీత కూడా పడలేదు. ఇంత మంచి సీటు కాబట్టే పారేయడానికి మనసు రాలేదట. యాప్‌లో ఈ మాట రాయలేదా అంటే, రాస్తే బాగుండేది, ఇంకా ఎక్కువ ధర వచ్చేది అంది. ఆవిడ మోసం చేయడం లేదు. గొప్పగా చెప్పుకుంటోంది.

ఫోను పెట్టేశాక సీటు మీది గుడ్డ విప్పాం. కింద ప్లాస్టిక్‌లో, బెల్టు దూరే కంత పక్కన, వెంట్రుక మందాన తెల్లటి గీత ఉంది. ప్లాస్టిక్ ఒకసారి గట్టిగా వంగితే అలా తెల్లబడుతుంది. మళ్లీ అదే చోట వంగాల్సి వస్తే ఏమవుతుందో మేము చెప్పలేం. చెప్పగలిగేది విరగ్గొట్టి చూసినప్పుడే.

శంకరయ్య ఆ గీతను వేలితో రెండుసార్లు రాసి చూశాడు.

"అంటే గా ట్రక్కే ల్యాబన్నట్టు. గిది మిషన్ ఎక్కి దిగిన సాంపుల్. దీన్ని మల్ల టాకాల కలిపి మనకు అమ్మిండ్రు."

లేబొరేటరీలో అన్నేళ్లు పనిచేసి నేను ఎవరికీ ఇంత పొట్టిగా చెప్పలేకపోయాను. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. తను కోయబట్టే ఈ సంగతి బయటపడిందని, కాబట్టి కోసింది మంచికేనని వాదించాడు. నాలుగు ప్రశ్నలు ఆ రోజే అడిగి ఉంటే కోయకుండానే బయటపడేదని మౌనిక అంది. ఈ వాదన వాళ్లింట్లో ఇంకా నడుస్తోంది.

ఆ సాయంత్రం మౌనిక తన ఆసుపత్రిలో సీనియర్ డాక్టరు ఒకావిడకు ఫోను చేసింది. ఆవిడ కొడుకు సీటు దాటి పెరిగాడు. ఈసారి నాలుగు ప్రశ్నలూ వరసగా అడిగింది. ప్రమాదం లేదు. చీటీ ఉంది, వాడే కాలం ఇంకా ఉంది. ఏ భాగమూ మార్చలేదు. పుస్తకం కూడా ఉంది, ఎవరూ తెరవలేదట. ప్రవీణ్ వెళ్లి తెచ్చాడు. అది కూడా వాడిన సీటే. శంకరయ్య దాని దగ్గరికి రాకుండా ఇంట్లోవాళ్లు కత్తెర దాచారు. పుస్తకం చూస్తూ, పాప ముఖం వెనక అద్దం వైపు ఉండేలా కారులో బిగించాం. ప్రవీణ్ బిగించాడు, నేను లాగి చూశాను, మౌనిక మా ఇద్దరినీ పక్కకు తప్పించి మళ్లీ బిగించింది. సోమవారం ఆమె డ్యూటీలో చేరింది.

పాత సీటును ఉన్నది ఉన్నట్టు చెప్పి అదే యాప్‌లో పెడదామని ప్రవీణ్ అన్నాడు. మౌనిక అతని వైపు, ఎక్స్‌రే చూసినట్టు, కాసేపు చూసింది. శంకరయ్య తనే కూర్చుని బెల్టులన్నీ ముక్కలు చేశాడు. సొంత పట్టీని కోసేటప్పుడు మాత్రం కొంచెం ఆలస్యమైంది. దాని బలం వల్లేనని ఆయన చెప్పుకున్నాడు. సీటు ప్లాస్టిక్ పెంకు మీద నేను మార్కర్‌తో వాడరాదని హిందీలో, గుజరాతీలో రాశాను. మర్నాడు పాత సామాన్లు కొనే భంగార్ బండివాడు సీటును తిప్పి చూసి బాధపడ్డాడట.

"కాకా, బెల్టు ఎందుకు కోశారు? ఇట్లాంటిది ఆదివారం బజారులో నిమిషంలో అమ్ముడుపోయేది."

"గందుకే" అన్నాడట శంకరయ్య.

లేబొరేటరీలో ఒక మార్పు వచ్చింది. ఈ ముక్కను దేని నుంచి కోశారని పార్టీని అడిగి రాసుకోవాలని కేతన్‌భాయ్ కౌంటర్‌లో నింపే ఫారంలో కొత్త గడి పెట్టించాడు. మొదటి రోజు వచ్చిన పార్టీ అందులో "బట్ట నుంచి" అని రాసి పోయాడు. నేను ఉద్యోగం మానేసేదాకా దాదాపు అందరూ అదే రాశారు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఇది. వాడిన సీటు వాడొచ్చు. దాని గతం మొత్తం తెలియాలి. ఆ గతం చెప్పేవాళ్లు మనకు తెలిసినవాళ్లై ఉండాలి. భాగాలన్నీ కంపెనీవే కావాలి, కాలం తీరకూడదు, పుస్తకం ఉండాలి. వీటిలో ఒక్కదానికి జవాబు దొరకకపోయినా కొనకూడదు. సీటు ఎంత గట్టిది అన్న ప్రశ్న ఇందులో లేదు. ఇంట్లో దాన్ని ఎవరూ కొలవలేరు. కొలిచాక ఇక వాడలేరు.