పలాస ఉడతలూ, నా మీసమూ

పందెం ఎస్టీడీ బూతులో మొదలైంది. పలాసలో బడిపంతులుగా ఉన్న మా బావ, అంటే అక్క భర్త, ఫోన్లో జీడితోటల కబుర్ల మధ్య "మా ఉడతలు పిక్క ముట్టవు" అన్నాడు. నేను తెనాలిలో జంతుశాస్త్రం పాఠాలు చెప్పేవాణ్ణి. ఆ వైపు జీడిపప్పును పిక్క అంటారు కాబోలనుకున్నాను. ఉడత జీడిపప్పు ముట్టకపోవడమా? ముడితే ఆయన మీసం, ముట్టకపోతే నా మీసం తీసేయాలని ఖాయం చేసుకున్నాం. నాది ఇరవై ఏళ్లు పెంచిన మీసం.

వేసవి సెలవులు రాగానే విశాఖ చేరి, ఉదయం ఆరుకు పాసింజరెక్కాను. ఇడ్లీ పొట్లం విప్పుతుంటే పక్కనున్న పెద్దావిడ, "ఏ పని మీద ఎల్తన్నారు బాబూ?" అంది.

"ఉడతల్ని చూడ్డానికండీ."

ఆవిడ తన బుట్టను కాస్త అవతలికి జరుపుకుంది. "ఇంటికాడ ఎవులూ నేరా?"

పదకొండుకు పలాస. అక్క పెట్టిన చేపల పులుసుకి కదల్లేకపోయినా, రెండింటికి పక్కింటివాళ్ల జీడిపప్పు షెడ్డు ముందు కుర్చీ వేసుకున్నాను. పెంకుతో ఉన్న గింజలు ఎండబోసి ఉన్నాయి. నాలుగు ఉడతలు వాటి మీదుగా దర్జాగా నడిచిపోయి, గోడ మీద పిచ్చుకలకు వేసిన నూకలు తిన్నాయి.

"ముట్టాయేటి?" అన్నాడు బావ. పప్పు కనబడనీ, చెబుతాను అనుకున్నాను.

మర్నాడు ఏడింటికి వజ్రపుకొత్తూరు బస్సు, టిక్కెట్టు ఆరు రూపాయలు. ఉద్దానం తోటలో కొమ్మ మీద ఉడత ఎర్రటి జీడిమామిడి పండును పట్టుకుని, రసం కారుతుండగా కండంతా తినేసి, కింద వేలాడే గింజను వదిలేసింది. గంటలో అలాంటివి ఏడు చూశాను. సంతోషం పట్టలేక నేనూ ఒక పండు కొరికితే వగరుకి గొంతు పట్టేసింది.

మూడింటికి మళ్లీ షెడ్డు. అప్పలమ్మ అనే పెద్దావిడ చేటలో పప్పుకి పొట్టు తీస్తోంది. ఒక ఉడత వచ్చి, ముక్కల్ని తోసేసి, విరగని పప్పు ఒకటి ఏరుకుని పరుగు తీసింది. నేను చేట చుట్టూ గంతులేశాను. "తీయించు బావా మీసం!"

"అది పప్పు కదేటి. పందెం పిక్క మీద."

తీర్పు అప్పలమ్మదే. "పెంకుంటే పిక్క, ఒలిత్తే పప్పు. పెంకులో జీడిరసం నోరు కాల్సేత్తాది బాబూ. ఆ మాట ఉడతకి తెలుసు." ఎమ్మెస్సీ చదివానని చెప్పబోయి మానుకున్నాను.

నాలుగున్నరకు బజారు సెలూన్లో మీసం పోయింది. అద్దంలో మా మేనత్త కనిపించింది.

ఆరింటికి స్టేషన్. బావ మీసం దువ్వుకుంటూనే నన్ను రైలెక్కించాడు. అయినా నాకు ఆనందంగానే ఉంది. రెండు రోజులు ఉడతల వెనక తిరగడం కంటే మంచి సెలవు ఉంటుందా? మీరూ వెళ్లండి. పండ్ల కాలంలో వెళ్లండి. పందెం మాత్రం మాటకు అర్థం కనుక్కుని వేయండి.

ఇంతలో "పిక్కలు, వేపిన పిక్కలు" అంటూ ఒకావిడ కిటికీ దగ్గరకొచ్చింది. గంపలోంచి నాలుగు వేరుశనగ గింజలు జారాయి. ప్లాట్‌ఫారం మీది ఉడత ఒకటి అందుకుని, వెనక్కాళ్ల మీద కూర్చుని కొరకడం మొదలెట్టింది.

"అదేం తింటోందమ్మా?" అన్నాను, బావకు వినబడేలా.

"పిక్క బాబూ. సెనగ పిక్క. ఇమ్మంటారా?"

బావ చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. రైలు కదిలింది. నేను కిటికీలోంచి తల బయట పెట్టి చెప్పాను, "సెలూను ఎనిమిదింటి దాకా తెరిచే ఉంటుంది బావా."