మూడో కూత తర్వాత పది నిమిషాలు

కరెంటు తయారుచేసే చోట గేట్లు ఎత్తే పని మా ఆయనది. పంతొమ్మిదేళ్లు చేశారు. గేటు ఎత్తితే నీళ్లు పెద్ద చక్రాలను తిప్పి, కింద వాగులోకి ఒక్కసారిగా ఉరుకుతాయి. అందుకే ముందు మూడుసార్లు సైరన్ మోగిస్తారు. మూడోది మోగగానే ఎత్తేయొచ్చు. ఈయన ఎత్తేవారు కాదు. గట్టు దాకా నడిచి వెళ్లి, వాగులో ఎవరూ లేరని కళ్లారా చూసుకున్నాకే వెనక్కి వచ్చి మీట నొక్కేవారు. దానికి పది నిమిషాలు పట్టేది.

"బయల్దేరాడయ్యా పెళ్లికూతుర్ని చూడ్డానికి!" అని తోటివాళ్లు ఏడిపించేవారు.

"నా పిచ్చి నాది, పోండ్రా" అనేవారు.

ఆ పది నిమిషాలకు మా వీధంతా అలవాటుపడిపోయింది. వాగులో బట్టలుతికేవాళ్లు మూడో కూత వినబడ్డాకే తీరిగ్గా పిండడం మొదలుపెట్టేవారు. నేనూ అంతే.

మా అమ్మాయికి అప్పుడు తొమ్మిదేళ్లు. ఆయన దాన్ని పిచ్చుక అనేవారు. స్కూల్లో సైన్సు ప్రదర్శన ఉందంటే ఇద్దరూ కూర్చుని, పిడులు విరిచేసిన ప్లాస్టిక్ చెంచాలను దారపు రీలు చుట్టూ అతికించి చక్రం చేశారు. పాడైన బొమ్మ కారులోని మోటారు, బియ్యపుగింజంత లైటు దానికి తగిలించారు. కుళాయి కింద పెడితే చక్రం తిరిగింది. లైటు మాత్రం వెలగలేదు.

"ఏంటి నాన్నా ఇది?"

"నీళ్లకు జోరు చాలడం లేదే పిచ్చుకా."

"జోరెక్కడ దొరుకుతుంది?"

"కొట్లో అమ్మరమ్మా. వాగులో ఉంటుంది" అని నవ్వారు.

ప్రదర్శన రోజు ఆయన సెలవు పెట్టారు. పొద్దున స్నానానికి వెళ్లారు. నేను కూర తరుగుతున్నాను. మొదటి కూత మోగింది. చక్రం పట్టుకుని పిచ్చుక వచ్చింది.

"అమ్మా, వాగు దగ్గర ఒక్కసారి పెట్టి చూసొస్తా."

"మూడో కూత కాగానే వచ్చెయ్" అన్నాను, తల ఎత్తకుండానే.

ఆయన ఇంట్లో ఉన్నారని నాకు తెలుసు. ఆయన ఇంట్లో ఉంటే గేటు దగ్గర ఇంకొకరు ఉంటారన్నది తట్టలేదు. రెండో కూతకు ఉల్లిపాయలు వేయించుకుంటున్నాను.

ఆయన తల తుడుచుకుంటూ వచ్చారు. "పిచ్చుక ఏదీ?"

"వాగు దగ్గరికెళ్లింది. మూడో కూతకు వచ్చేస్తుందిలెండి."

తువ్వాలు చేతిలోనే ఆగిపోయింది. "ఇవాళ డ్యూటీలో ఉంది కొత్తవాడే!" అంటూ చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తారు. ఆయన వీధి మలుపు తిరగకముందే మూడో కూత మోగింది.

తర్వాతి సంగతి పిచ్చుక చెప్పిందే. రాళ్ల మధ్య నీళ్లు దూకే చోట చక్రం పెడితే లైటు వెలిగిందట. ఆయన నీళ్లలోకి దిగి వస్తుంటే "చూడు నాన్నా!" అని చూపించిందట. "భలే" అంటూనే దాన్ని ఎత్తి గట్టు మీదికి విసిరేశారట. అది లేచి చూసేసరికి ఆయన నిలబడ్డ చోట నీళ్లే ఉన్నాయి.

అది ఏడాది కిందటి మాట. చెప్పకుండా వాగుకెళ్లిందని అందరూ దాన్నే అన్నారు. అమ్మనడిగే వెళ్లానని అది ఎవరికీ చెప్పలేదు. మూడో కూత దాకా ఉండమన్నది నేనే.